వెంట్రుకకు కండె

నేను చదువుతున్నట్టు ఇంట్లో ఎవరికీ తెలియకుండా చదవడం నాకు అలవాటు. ఏడుపొస్తే కొంగు అడ్డం పెట్టుకుంటాను, నవ్వొస్తే దగ్గుతాను. పోయిన చలికాలం నన్ను పట్టించినవి నా చేతిమీది వెంట్రుకలు.

మాది కాశిబుగ్గలో నేతవాళ్ల ఇల్లు. నూలుకు కంట్రోలు వచ్చి, సర్కారు ఇచ్చినంతే దొరికి, మా మగ్గం వారంలో సగం రోజులు ఊరికే ఉండేది. ఉన్న నూలును మా నాయన తల్లి బాపమ్మా నేనూ ముంగిట ఎండలో రాట్నాలు వేసుకుని దారం కండెలు చుట్టేవాళ్లం. ఆ రోజు నా ఒళ్లో, ఆదివారాలు మాత్రం ఇంటికొచ్చే అన్న చాటుగా ఇచ్చిన రెండు కథల పుస్తకాల్లో ఒకటి ఉంది. కథలో ఒక పడవవాడు పొగమంచులో దారి తప్పి కేకేస్తాడు. అవతలి ఒడ్డు నుంచి, ఎప్పుడో ఏట్లో కొట్టుకుపోయిన తమ్ముడి గొంతు బదులు పలుకుతుంది. అక్కడికి రాగానే నా చేతుల మీద వెంట్రుకలన్నీ లేచి నిలబడ్డాయి. చుట్టిన కండె అందుకోబోయిన బాపమ్మ నా ముంజేతిని చూసి ఆగింది.

"ఎండల కూసున్నవ్, సలి లేదు గిలి లేదు. గీ రోమాలేంది పోరీ, గిట్ల లేసినయ్?"

నేను పుస్తకాన్ని కొంగు కింద దాచబోయాను. అదీ చూసింది.

"గీ కాయితాలల్లకెల్లే దయ్యం గాలి సోకింది నీకు!"

పుస్తకాలు రెండూ మూటకట్టి అటకెక్కించింది. ఆదివారం అన్న వస్తే తిరిగి ఇచ్చెయ్యాలి, ఇక ఇంట్లోకి పుస్తకం రాకూడదు అంది. ఎదురు చెప్పడం నాకు చేతకాదు; తల ఊపి మళ్లీ రాట్నం పట్టాను. బదులిచ్చింది తమ్ముడో కాదో తెలియకుండానే రెండు రోజులు కండెలు చుట్టాను.

మూడో రోజు బాపమ్మ మోకాళ్ల నొప్పికి మందు తేవడానికి ఇద్దరం ఆడవాళ్లకని పెట్టిన జనానా దవాఖానకు వెళ్లాం. మందు చేతికొచ్చాక బాపమ్మ నా చెయ్యి పట్టుకుని డాక్టరమ్మ ముందుకు లాగింది.

"జర గీ పిల్లనుగూడ సూడమ్మా. సదువుకుంట సదువుకుంటనే రోమాలు నిక్కుతున్నయ్. గాలి సోకినట్టున్నది."

డాక్టరమ్మ నన్నేమీ అడగలేదు, బతికించింది. "గాలి గాదవ్వా. ఒక్కొక్క వెంట్రుక మొదట్ల, తోలు కింద, సన్నటి కండ ఉంటది" అంది.

"కండెనా!" బాపమ్మ నోరు తెరిచింది. "గిన్ని వెంట్రుకలకు కండెలెవలు సుట్టిన్రమ్మా?"

డాక్టరమ్మ అర్థంకాక నా వైపు చూసింది. బెంచీ మీద ఆడవాళ్లంతా కూడా నన్నే చూశారు. చెప్పడానికి నేను తప్ప ఎవరూ లేరు.

"దారం కండె గాదు బాపమ్మా. పిక్కల ఉండే కండ."

డాక్టరమ్మ నవ్వింది. "ఆ, గదే. వెంట్రుక వాలి ఉంటది గద. గా కండ దాని మొదలును పట్టుకొని పై తోలు దాకా ఏటవాలుగ ఉంటది. అది ముడుసుకుంటే వెంట్రుక లేసి నిలవడతది, సుట్టూ తోలు ఉబ్బుతది."

బాపమ్మ ముఖంలో ఇంకా నమ్మకం లేదు. ఒకసారి నోరు విప్పాను కదా, రెండోసారి అంత కష్టం కాలేదు.

"మగ్గం లెక్కనే బాపమ్మా. కింద పలక తొక్కితే పైన పడుగు దారాలు లేస్తయ్ గద."

బాపమ్మ పలక తొక్కినట్టు కాలితో నేలను తొక్కి చూసింది. "మరి తొక్కేదెవలు?"

"మనం మాత్రం గాదవ్వా" అంది డాక్టరమ్మ. "మనం లెవ్వుమంటే లెవ్వయ్, పండుమంటే పండయ్. సలి తొక్కుతది, భయం తొక్కుతది. కుక్కను జూసి పిల్లి ఉబ్బుతది సూడు, గట్లనే. ఒక్కోపాలి మంచి మాట ఇన్నా తొక్కుతది."

ఇంటికొచ్చాక బాపమ్మ అటక వైపు చెయ్యి చూపింది.

"తియ్. ఏ మాటకు లేసినయో గది నాకు సదువు. నాయి గూడ లేస్తే గాలి గాదు. లెవ్వకుంటే ఐతారం పుస్తకాలు వాపస్."

గొంతెత్తి చదవడం నాకు అదే మొదటిసారి. మొదటి పేజీ వేలుపెట్టి ఒక్కో మాటా చదివాను. పొగమంచు దగ్గరికి వచ్చేసరికి, వింటున్నదెవరో కూడా మరిచిపోయాను. పడవవాడు కేకేశాడు. అవతలి ఒడ్డు బదులు పలికింది. పక్కన బాపమ్మ రాట్నం ఆగింది.

తలెత్తి ఆమె చేతి వైపు చూశాను. చప్పున కొంగు లాగి కప్పుకుంది.

"సలిగున్నది" అంది, నడి ఎండలో కూర్చుని. "నన్నేం జూస్తున్నవ్? గాడు తమ్ముడేనా, కాదా? సదువు."