మూడో చంద్రుణ్ణి మింగిన చిట్టియ్య

లోకంలో ఏ తప్పు జరిగినా అది తనవల్లే జరిగిందని ఒప్పేసుకోవడం చిట్టియ్యకి అలవాటు. పెనుగొండ పక్కనున్న వాళ్ల ఊరికి కేబుల్ టీవీ అతనిదే. ఆ పనిలోకి దిగిన కొత్తలోనే ఒక రహస్యం కనిపెట్టాడు. "పైనుంచే రావట్లేదండి" అంటే జనం గంటసేపు తిడతారు. "నావల్లేనండి" అంటే రెండు తిట్లు తిట్టి ఊరుకుంటారు. అప్పట్నుంచి ఆ మాట అతనికి ఊతపదమైపోయింది.

కరెంటు పోతే నావల్లేనండి. కాలవకి నీళ్లు ఆలస్యంగా వదిలితే నావల్లేనండి. ఒకసారి అచ్చాయమ్మగారి గేదె ఈనక ఈనక ఈని పోతుదూడని వేసింది. ఆవిడ అరుగు మీద కూర్చుని శోకాలు పెడుతుంటే, దారినపోతున్న చిట్టియ్య సైకిలు దిగి, "ఆయ్, నావల్లేనండి. సర్దేస్తానండి" అన్నాడు.

"నువ్వేం సర్దుతావురా, అప్రాచ్యుడా!" అని ఆవిడ పేడతట్ట పట్టుకుని సందు చివరిదాకా తరిమింది.

ఇన్ని తప్పులు క్షమించిన ఊరు ఒక్కదాన్ని మాత్రం క్షమించలేదు. ఇరవయ్యేళ్ల కిందట ఆదివారం పొద్దున్నపూట 'మూడో చంద్రుడు' అని ఒక సీరియల్ వచ్చేది. రాకెట్లూ, గ్రహాలూ, మూడేసి కళ్లున్న మనుషులూను. రాకెట్ లోపలి గోడలకి రైసుమిల్లు మీటర్లు బిగించి ఉండేవి. అయినా సరే, అది వస్తున్నంతసేపూ ఊళ్లో కాకి కూడా నోరెత్తేది కాదు. ఏసమ్మగారు పాస్టరుగారి వెంటపడి ఆరాధన వేళే ముందుకి జరిపించేశారు. అప్పుడు ఏడో తరగతి చదువుతున్న లావణ్య అయితే, పెద్దయ్యాక ఏమవుతావని ఎవరడిగినా "మూడో చంద్రుడి మీద కాపురం పెడతాను" అనేది.

ఇది చాలదన్నట్టు, ఆ చంద్రుడి మీద రాజు వేషం ఊళ్లోని హరిబాబు మేష్టారికి వచ్చింది. ఆయన పద్యనాటకాల మనిషి. ఒళ్లంతా ఆకుపచ్చ రంగు పూసి, నెత్తిన రెండు ఏంటెన్నాలు గుచ్చారు. భూమి నుంచి వచ్చిన కెప్టెన్ "మీరెవరు?" అని అడిగితే ఈయన పద్యంలో జవాబు చెప్పారు. రాగం ఎత్తుకుంటే అవతల రాకెట్లో ఆయిలు అయిపోవాల్సిందే గానీ ఈయన ఆపేవారు కాదు. ఊరుఊరంతా టీవీల ముందు లేచి నిలబడి "వన్స్ మోర్!" అని అరిచేది. టీవీ వినిపించుకోకపోతే వీధిలోకి వచ్చి చిట్టియ్యని పట్టుకునేవారు.

"మళ్లీ వెయ్యవేంట్రా పద్యం?"

"నావల్లేనండి. ఈసారి చెప్తానండి వాళ్లకి."

మేష్టారు రాజైన నెల తిరక్కుండానే సీరియల్ మాయమైపోయింది. సీరియలే కాదు, ఊళ్లో ఆ ఛానెలే మాయమైపోయింది. జనం చిట్టియ్య ఇంటి మీద పడ్డారు.

"డిష్షు మీద కోతి కూర్చుందండి. వంగిపోయిందండి. నావల్లేనండి."

"కోతి కూర్చుంటే నీవల్లెలాగరా?"

"దానికి అరటిపండు పెట్టింది నేనేనండి."

అచ్చాయమ్మగారు మొగల్తూరులో చెల్లెలింటికి వెళ్లొచ్చి మళ్లీ నిలదీశారు. "ఒరేయ్, అక్కడ ఆ ఛానెల్లో ఆ టైముకి గుత్తొంకాయ కూర చేస్తున్నార్రా!"

"అక్కడ సముద్రం గాలి కదండీ. తేమకి ప్రోగ్రాములు మారిపోతాయండి."

తిట్టినవాళ్లలో అందరికంటే గట్టిగా తిట్టింది హరిబాబు మేష్టారే. చిట్టియ్య ఎదురైతే చాలు, కండువా భుజాన సర్దుకుని, నడివీధిలో చెయ్యెత్తి, "ఓరీ పాపాత్మా! రాహువైనా చంద్రుణ్ణి మింగి కాసేపటికి కక్కుతాడు కదరా! నువ్వు మింగి అరిగించుకున్నావు కదరా!" అని గొంతెత్తేవారు. చిట్టియ్య చేతులు కట్టుకుని చివరిదాకా విని, "ఆయ్, నావల్లేనండి" అని దణ్ణం పెట్టి వెళ్లేవాడు. లావణ్య తన వంతుగా ఆదివారం ఆదివారం అతని సైకిలు గాలి తీసేసేది.

ఇప్పుడు లావణ్య పెనుగొండలో బ్యాంకు ఉద్యోగి. పక్కింటి పిల్లలకి ఆ సీరియల్ గురించి చెప్పీ చెప్పీ వాళ్లు పారిపోవడంతో, వాట్సాప్‌లో 'మూడో చంద్రుడు' అభిమానుల గ్రూపు పెట్టింది. అభిమానులందరూ కలిసి కల్యాణమండపంలో సభ పెట్టుకోవాలనీ, మేష్టారికి సన్మానం చెయ్యాలనీ తీర్మానించారు. సన్మానం తరవాత చిట్టియ్య స్టేజి ఎక్కి అందరి ముందూ మేష్టారికి క్షమాపణ చెప్పాలన్నది లావణ్య సొంత ఆలోచన. ఆ కబురు చెప్పడానికి సభ ముందురోజు అతనింటికి వెళ్లింది.

"తప్పకుండానమ్మా. ఎన్నిసార్లు చెప్పమంటారు?" అన్నాడు చిట్టియ్య సంతోషంగా.

అంతలో లావణ్య ఫోను మోగింది. నిడదవోలు నుంచి ముఖ్య అతిథిగా రావాల్సిన సత్యప్రసాద్. ఆయనా ఆ సీరియల్ అంటే పడి చచ్చే మనిషే. లావణ్య స్పీకర్ పెట్టింది.

"లావణ్యగారూ, మీ ఊరి డిష్షు పాడై ఆగిందని గ్రూపులో రాశారేంటండీ బాబూ! ఆ సీరియల్ అన్నిచోట్లా ఆపేశారు కదండీ. ప్రకటనలు రాక ఎత్తేశారు. అదీ మీ హరిబాబుగారు చేరిన నెల్లోనే! రేపు నా స్పీచ్ ఇదేనండి. భలే ఉంటుంది."

లావణ్య ఫోను పెట్టేసి చిట్టియ్య వైపు తిరిగింది. కేబుల్ పనిలోకి దిగాక మొదటిసారి చిట్టియ్య "నావల్లే" అనకుండా లేచి వెళ్లి కిటికీ మూశాడు.

"ఆ మాట సభలోకి రానివ్వకమ్మా."

"ఎందుకు బాబాయ్?"

"మేష్టార్ని ఐరన్ లెగ్గంటారమ్మా. అప్పటికే ఒకచోట ఆయన నాటకం ఆడుతుంటే పందిరి కూలింది. ఇంకోచోట హార్మోనియం ఆయనకి కామెర్లొచ్చాయి. టీ కొట్టు దగ్గర గుసగుసలు మొదలయ్యాయి. ఇంతలో టీవీలో కింద అక్షరాలు పోతున్నాయి, సీరియల్ ఆపేస్తున్నామని. ముందు నేనే చూశాను కాబట్టి సరిపోయింది. వెంటనే ఆ ఛానెల్ పీకేశాను."

"మరి అన్ని తిట్లు నువ్వెందుకు పడ్డావు?"

"నన్ను తిడితే ఏం పోద్దమ్మా? కేబులోణ్ణి తిట్టుకోక ఎవర్ని తిట్టుకుంటారు? ఆయనకి ఆ పేరొస్తే మళ్లీ మొహానికి రంగు పూసుకోనివ్వరు. పైగా ఇన్నాళ్లకి పెనుగొండ ఉత్సవాల్లో వేషం ఇస్తామంటున్నారు. ఆ కమిటీ రత్నమాణిక్యంగారు రేపు సభకొస్తున్నారు. ఆయన సంగతి తెలుసు కదా."

తెలియకేం. ఊళ్లో పిల్లులన్నీ ఎక్కడెక్కడున్నాయో కబురు తెప్పించుకుని గాని గుమ్మం దాటని మనిషి రత్నమాణిక్యంగారు. లావణ్యకి సైకిలు గాలి తీసిన ఆదివారాలన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. మొహం దాచుకుని బయటికొచ్చి, సత్యప్రసాద్‌కి ఫోను చేసి, ఎందుకో చెప్పకుండానే, ఆ మాట సభలో ఎత్తొద్దని బతిమాలింది. ఆయన నోరెత్తనని ఒట్టు పెట్టాడు.

మర్నాడు మండపం కిటకిటలాడింది. మేష్టారు డెబ్బై దాటిన వయసులో మళ్లీ ఆకుపచ్చ రంగు పూసుకుని, ఏంటెన్నాలు పెట్టుకుని, రత్నమాణిక్యంగారి పక్కన మహారాజులా కూర్చున్నారు. సత్యప్రసాద్ నిజంగానే ఒట్టు నిలబెట్టుకునేవాడు, చేతికి మైకు ఇవ్వకపోతే. మైకు అందుకోగానే మనిషికి ఒళ్లు తెలియలేదు.

"మీ ఊరికి తెలియని రహస్యం! ఆ సీరియల్ ఎక్కడా రాలేదండి! మేష్టారు చేరిన నెల్లోనే మొత్తానికే ఆపేశారండి!" అని చప్పట్ల కోసం ఆగాడు.

చప్పట్లు రాలేదు. వెనక వరసలోంచి ఎవరో "ఐరన్..." అని గొణిగారు. రత్నమాణిక్యంగారు తన కుర్చీని మేష్టారికి దూరంగా, చప్పుడు కాకుండా, జానెడు జరుపుకున్నారు. మేష్టారు తల దించుకున్నారు.

చిట్టియ్య ఒక్క గెంతులో స్టేజి మీదున్నాడు. "నావల్లేనండి!"

"అన్నిచోట్లా ఆగిపోతే నీవల్లెలాగయ్యా?" అన్నారు జనంలోంచి ఎవరో.

"అదే కోతండి. ఇక్కణ్ణుంచి హైదరాబాదు వెళ్లిందండి."

ఎవరూ నవ్వలేదు. చిట్టియ్యకి అబద్ధాలు అయిపోయాయి. రత్నమాణిక్యంగారి కుర్చీ మరో జానెడు జరిగింది. లావణ్య ఇక ఆగలేకపోయింది. వెళ్లి మైకు లాక్కుంది.

"కాదండీ, నావల్ల. ఆ వారం నాకు పరీక్షలని మా అమ్మ టీవీ కట్టేసింది. నేను చూడకపోవడం వల్లే ఆగిపోయింది."

"నీ మొహం, నావల్లే!" అంటూ అచ్చాయమ్మగారు మోకాళ్లు పట్టుకుని లేచారు. "పద్యం మధ్యలో కునుకు తీశాను. నాకు మెలకువొచ్చేసరికి సీరియలే లేదు."

"ఆరాధన వేళ మార్పించింది నేను. దేవుడు ఊరుకుంటాడేంటండీ?" అన్నారు ఏసమ్మగారు లెంపలేసుకుంటూ.

దాంతో మండపంలో నవ్వులు పేలాయి. ఒక్కొక్కరే లేచి నేనంటే నేనని తప్పు కోసం కొట్లాడుకోవడం మొదలెట్టారు. చివరికి చూపులన్నీ రత్నమాణిక్యంగారి మీదికి తిరిగాయి. ఆయన గొంతు సవరించుకున్నారు.

"ఆ రోజుల్లో మా ఇంట్లో రిమోట్ మీద కూర్చుని విరక్కొట్టాను. అయినా ఇంతమంది తప్పులుండగా ఇంక మేష్టారి తప్పుకి చోటెక్కడుందండీ?" అని కుర్చీ మళ్లీ దగ్గరికి లాక్కున్నారు.

అప్పుడు మేష్టారు లేచారు.

"షూటింగుకి పిలవడం మానేస్తే నాకు తెలీదా సీరియల్ ఆగిపోయిందని? సమయానికి డిష్షు పాడైంది, నా అదృష్టం అనుకున్నాను. నిజం బయటపడకూడదని వీణ్ణి అందరికంటే గట్టిగా తిట్టాను." ఆయన చిట్టియ్య వైపు తిరిగారు. "ఒరేయ్, తెలిసే పడ్డావట్రా ఇన్నాళ్లూ?"

చిట్టియ్య బుర్ర గోక్కున్నాడు. "మీరు తిడుతుంటే బాగుంటుందండి. టికెట్టు లేకుండా నాటకం చూసినట్టుండేదండి."

"వన్స్ మోర్!" అని అరిచింది మండపం. "తిట్టండి మేష్టారూ!"

మేష్టారు కండువా సర్దుకున్నారు. ఊపిరి నిండా పీల్చి చెయ్యెత్తారు. నెత్తిన ఏంటెన్నాలు ఊగాయి. అందరూ చెవులు రిక్కించారు. ఎత్తిన చెయ్యి మెల్లగా దిగి చిట్టియ్య భుజం మీద పడింది.

"భోంచేశావట్రా?"

"లేదండి."

మొదటి బంతిలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. చిట్టియ్య చొక్కా భుజానికి ఆకుపచ్చ అయిదువేళ్లూ అంటుకున్నాయి. పనసపొట్టు కూర వడ్డిస్తుండగా రత్నమాణిక్యంగారు వంగి అడిగారు.

"మేష్టారూ, ఉత్సవాల్లో వేషం ఖాయమే కదండీ?"

"ఖాయమే. ఒక్క షరతు. మైకులూ లైట్లూ చిట్టియ్య చూడాలి."

"ఇతనా! మధ్యలో ఏదైనా ఆగిపోతేనండీ?"

"ఆగితే ఆగనీండి. వీడు పక్కనుంటే నాకు ధైర్యం."

చిట్టియ్య విననట్టే తల వంచుకుని, ఇంకా వడ్డించని పప్పుని వట్టి అన్నంలో తెగ కలిపేస్తున్నాడు.