కిర్రు చెప్పులు

మా బాపుకు తీర్థయాత్రల మీద మనసు లేదు. ఆయన కోరిక ఒక్కటే: చెప్పులేసుకుని పక్క ఊరి దొరల కోట, గడిలోకి పోవాలె.

దొరలు ఏలిన రోజుల్లో ఆ గడి ముంగట నుంచి ఎవరు పోయినా చెప్పులు విప్పి చేతుల పట్టుకుని పోవాలి. అది అక్కడి పద్ధతి. మా తాత ఒకసారి మరిచిపోయి కిర్రు చెప్పులతో నడిచినందుకు, పొద్దంతా ఎండలో వంగబెట్టారు. తాత నడుము వంగింది కాని, చూస్తూ నిలబడ్డ కొడుకు, మా బాపు పగ వంగలేదు.

తెలంగాణ వచ్చినాక గడికి రంగులేసి, టికెట్ పెట్టి, ఎవరైనా వచ్చి చూడొచ్చన్నారు. బాపు నల్గొండ పోయి కొత్త చెప్పులు కుట్టించుకున్నాడు. కిర్రుమంటలేవని కుట్టినాయనతో కొట్లాడి మళ్లీ కుట్టించాడు. నేనూ వెంట పోయాను, రచయితను కదా, చరిత్ర చూద్దామని. అక్కడి వరుస చూస్తే అర్థమైంది, నా పుస్తకాలకన్నా గడికే గిరాకీ ఎక్కువ.

గేటు దగ్గర బోర్డు: ‘చెప్పులు ఇక్కడ విడవండి.’ దాని పక్కన నల్లద్దాలు పెట్టుకుని దొర మనుమడు.

“షాబాద్ బండలు పాలిష్ చేయించినం పెద్దాయనా, గీతలు పడతయి. చెప్పులు విప్పి రా, లోపల చరిత్ర చెప్తరు.”

“విప్ప.”

“అందరు విప్పుతుండ్రు. నువ్వేమన్న స్పెషలా?”

“మా నాయినకు స్పెషల్‌గనే చేసిండు బిడ్డా, మీ తాత.”

వెనక వరుసలో గొణుగుడు మొదలైంది. “గీ ముసలాయనతోని లేటైతాంది,” అన్నారెవరో. మనుమడు నా దిక్కు తిరిగాడు. “సదువుకున్నోని లెక్కున్నవ్. జర మీ బాపుకు చెప్పు.”

చెప్పు అంటే చెప్పాలో, చెప్పు చూసుకోవాలో తెలియలేదు. మాటలే నా బతుకుదెరువు. చేతులు మాత్రం ఎప్పుడు పోయాయో, బూటు లేసుల మీదికి పోయాయి.

“వాడేం చెప్తడు,” అన్నాడు బాపు. “సరే, విప్పుత. కని విప్పితే ఈడ విడువ. మీ గడి పద్ధతేంది? చేతుల పట్టుకోవాలె. చెప్పు చేతుల పట్టుకుని నీ ముంగటికి రావాల్నా, కాళ్లకే ఉంచుకోవాల్నా? నువ్వే చెప్పు.”

అని వంగి, కుడికాలి చెప్పు మీద చెయ్యేశాడు.

గొణిగినోళ్లు మెడలు చాచి చూశారు. మనుమడు నల్లద్దాలు తీశాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు.

“కాళ్లకే ఉంచుకో,” అన్నాడు, పళ్లు కొరుకుతూ.

కిర్రు, కిర్రు, కిర్రు. లోపల చరిత్ర చెప్తున్నాయన నోరు మూసుకున్నాడు. నడిమింట్ల నిలబడి బాపు వెనక్కి తిరిగి నన్ను చూశాడు. అప్పటికి నేను బూట్లు రెండూ చేతుల పట్టుకుని, ఒంగి వస్తున్నాను.

“థూ,” అన్నాడు. “తొడుక్కో.”