దీవిలో పోసిన బొడ్రాయి నీళ్లు

దయ్యాల మీద నాకెప్పుడూ నమ్మకం లేదు. భూపాలపల్లిలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదాన్ని. జవాబు సరిగ్గా వచ్చినా మధ్యలో చేసిన లెక్క చూపించకపోతే పిల్లలకు మార్కులు ఇచ్చేదాన్ని కాదు. చుట్టాల్లో ఎవరైనా గాలి సోకిందనో, చచ్చిపోయినవాళ్లు కనిపించారనో అంటే, "జ్వరం ఉందేమో చూసుకున్నారా" అని అడిగే రకం. అందుకే పెళ్లిళ్లలో అలాంటి కబుర్లు మొదలైతే నన్ను దగ్గర కూర్చోబెట్టుకునేవారు కాదు. ఇదంతా ఎవరినో నమ్మించడానికి రాయడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను. లెక్క ఎక్కడ తప్పిందో మీకు దొరికితే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు.

మేము దీవికి పోవడానికి కారణం మా పాప హాసిని. దానికి దుమ్ము పడదు. చలికాలం వచ్చిందంటే ఆయాసం, ఛాతీలో పిల్లికూతలు. ఆవిరి మందు పెట్టే మిషన్ మా ఇంట్లో టీవీ కంటే ఎక్కువగా నడిచేది. పత్తి ఏరే రోజుల్లో మా పుట్టింటికి తీసుకుపోవాలంటే భయం. హనుమకొండలో చూపిస్తే, గాలి మారితే తగ్గవచ్చుగానీ గ్యారంటీ ఇవ్వలేనన్నాడు డాక్టరు.

మా ఆయన ఏసీలు, జనరేటర్లు బాగు చేస్తాడు. ఆయనతో ఐటీఐ చదివిన స్నేహితుడొకడు అండమాన్‌లో ఉన్నాడు. పోర్ట్ బ్లెయిర్ నుంచి పడవ మీద పోవాల్సిన చిన్న దీవిలో ఒక రిసార్టు, అందులో పని, ఉండడానికి రెండు గదులు. మా ఆయన ఆ రోజు పిల్లాడిలా సంబరపడ్డాడు. "జనం హనీమూన్‌కు పోయే జాగనే అది. మనకు జీతమిచ్చి మరీ రమ్మంటున్నరు" అన్నాడు. ఒక ఏడాది ఉండి చూద్దాం, ఆ తర్వాత ఉండాలో రావాలో తేల్చుకుందాం అనుకున్నాం.

మహబూబాబాద్‌లో రైలెక్కాం. మేమంతా ఆ ఊరిని మానుకోట అనే అంటాం. మా అక్క అక్కడే ఉంటుంది, అంగన్‌వాడీలో పని చేస్తుంది. పరాచికాలు తెలియని మనిషి. స్టేషన్‌కు మామిడికాయ తొక్కు, సకినాల డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టి, "పిల్ల ఊపిరి ముఖ్యం. నీ బెంగ సంగతి తర్వాత సూసుకుందువు తియ్" అంది. నా సంగతి నాకంటే ముందే తెలిసినట్టు.

దీవికి పోయాక మంచి ఏమిటో మొదటి నెలలోనే తెలిసింది. మిషన్ బీరువా మీదికి ఎక్కింది, ఆ ఏడాదంతా దిగలేదు. పాప ఇసుకలో పరిగెత్తేది, ఆయాసం లేకుండా నవ్వేది. అది నిద్రపోతుంటే దాని ఛాతీకి చెవి ఆనించి వినడం నాకు అలవాటు. అక్కడ ఏ చప్పుడూ వినిపించక ఒక్కోసారి నేనే ఉలిక్కిపడేదాన్ని.

చెడు మెల్లగా తెలిసింది. పడవ వస్తేనే కూరగాయలు. ఒక బీరకాయ దొరికితే పక్కింటివాళ్లకు చూపించుకోవాలి. బట్టలు ఆరవు, ఇనుము ఏదైనా ఇట్టే తుప్పు పడుతుంది. ఫోన్ కలిస్తే కలిసినట్టు. పెద్ద రోగమొస్తే పడవ దిక్కు. సముద్రం ఫోటోల్లో ఉన్నంత అందంగానే ఉంటుంది, కాదనను. కానీ మూడో నెల తర్వాత దాన్ని ఎవరూ చూడరు.

వీటన్నిటికీ సర్దుకున్నాను. సర్దుకోలేనిది ఊరి మీద బెంగ. పాలకుర్తి దాటి ఆటోలో పోవాల్సిన ఊరు మాది. నా చిన్నప్పుడే అమ్మ పోతే, నన్ను పెంచి పెళ్లి చేసింది మా వదిన. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుంటే ఆమె వంటింటి పొగ వాసన వచ్చేది, ముద్ద దిగేది కాదు. పొద్దున వాకిలి ఊడుస్తూ వదిన దగ్గర నేర్చుకున్న పాట ఒకటి కూనిరాగం తీసేదాన్ని. నాకు తెలియకుండానే వచ్చేసేది. "అమ్మ మొదలుపెట్టింది" అని పాప దుప్పట్లోంచే నవ్వేది.

పక్క వాటాలో శ్రీకాకుళం నుంచి వచ్చిన పార్వతమ్మ ఉండేది. నేను గిట్ల, గట్ల అంటే నవ్వు ఆపుకోలేకపోయేది. మంచిది. "ఏటమ్మా, ఇలాగే చిక్కిపోతే నీ పెనిమిటి నిన్ను ఎత్తుకుని పడవెక్కాల" అనేది.

ఏడాది ముగిసేసరికి నా వల్ల కాదని తేలిపోయింది. తిరిగి పోదామని మా ఆయనతో చెప్పాను. "నీ ఇష్టం" అన్నాడు. అంటూనే బీరువా మీదున్న మిషన్ వైపు చూశాడు. ఆ చూపు తగిలినంతగా ఏ తిట్టూ నాకు తగల్లేదు. నేను పోతే పాప ఊపిరి పోతుంది, ఉంటే నేను పోతాను. మా ఇంట్లో లెక్క అక్కడ ఆగిపోయింది.

అప్పుడే వదిన ఫోన్ చేసింది, ఊళ్లో బొడ్రాయి పండుగ అని.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. బొడ్రాయి అంటే ఊరి నడుమ పాతే రాయి, ఊరికి బొడ్డులాంటిది. కొత్తగా పాతినప్పుడు పెళ్లయి ఎక్కడెక్కడికో పోయిన ఊరి ఆడబిడ్డలనూ పిలుస్తారు. ఇంటింటి నుంచీ బిందెతో నీళ్లు తెచ్చి రాయికి పోస్తారు. ఆడబిడ్డలకు ఒడిబియ్యం పోస్తారు, అంటే పసుపు కలిపిన బియ్యం దోసిళ్లతో కొంగులో పోస్తారు. తర్వాత ఊరి చుట్టూ పొలి, అంటే బలి అన్నం, చల్లి శివారు కడతారు. దారికి అడ్డంగా ముళ్లకంప కొడతారు. మర్నాడు కంప తీసేదాకా ఊళ్లోకి ఎవరూ రాకూడదు, ఊళ్లోంచి ఎవరూ పోకూడదు. నీళ్లు పోసిన మనిషిని బొడ్రాయి పట్టుకుంటుందని, ఇక వాళ్లు ఊరి మనుషులేనని పెద్దవాళ్లు అనేవారు.

టికెట్లు తీసుకున్నాం. బయలుదేరడానికి ముందు రోజు సముద్రం పోటెత్తింది, పడవలు ఆపేశారు. వదినకు ఫోన్ కలిపి ఏడ్చాను. ఆమె కూడా ఏడ్చింది. "ఏం జేస్తం బిడ్డా. నీ పేరు మీద నేను పోస్త తియ్ నీళ్లు" అంది. ఆ తర్వాత సిగ్నల్ పోయింది.

పండుగ రోజు పొద్దున నేనొక పని చేశాను. తలంటుకుని, వదిన పెట్టిన ఆకుపచ్చ చీర కట్టుకుని, ఒడ్డున దొరికిన నున్నటి రాయి ఒకటి పెరట్లో నిలబెట్టాను. పసుపు రాశాను. మా ఊరు ఎటువైపు ఉంటుందో ఫోన్‌లో చూసుకుని అటు తిరిగి నిలబడ్డాను. ట్యాంకు నీళ్లు కరువుగా ఉన్న రోజులు. అయినా బిందె నిండా పట్టి ఆ రాయి మీద పోశాను. "నేను అక్కడ ఉన్నట్టే లెక్క" అన్నాను, పైకే. ఊరి రాయికి ఊళ్లోనే నీళ్లు పోయాలి, మరోచోట పోయకూడదని మాలో చిన్న పిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. ఆ పూట బెంగే పెద్దదైంది.

గోడ మీంచి పార్వతమ్మ చూసింది. "రాయికి నీళ్లోస్తున్నావేటమ్మా, మొలుస్తాదా?" అంది. నేను నవ్వాను. చీర అంచంతా తడిసిపోయింది. ఒళ్లు ఒక్కసారిగా తేలికైంది, జ్వరం విడిచినప్పుడు అవుతుందే, అట్లా. ఆ మధ్యాహ్నం రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను. మా ఆయన వింతగా చూశాడు.

మర్నాడు సాయంత్రం ఫోన్ కలిసింది. వదినే చేసింది. గొంతులో అలక.

"ఏందే సుజాతా, ఒక్క మాటన్న చెప్పకుంట పోయినవ్? మల్ల అన్నానికి పిలుద్దామని చూస్తె లేవు."

నేను రానే లేదు కదా అన్నాను. ఆమె నవ్వింది. "పరాచికాలకు గూడ హద్దుండాలె. నా చేతులతోని నేనే ఒడిబియ్యం పోస్తిని. పడవ దొరికిందా అని అడిగితె తల ఊపినవ్."

మా ఆయన ఫోన్ తీసుకుని, సుజాత ఇక్కడే ఉంది, నిన్నంతా ఇక్కడే ఉందని చెప్పాడు.

నేను అక్కకు చేశాను. అక్క కూడా పండుగకు పోయింది. ఆమె అయినా అబద్ధమని చెబుతుందనుకున్నాను. "నా పక్కనే కూసున్నవ్ గదనే, ఒక్క విస్తరి జరిపి జాగ ఇచ్చిన. ఏం మాట్లాడలే. అన్నం మాత్రం కరువుల ఉన్నోళ్ల లెక్క తిన్నవ్" అంది.

నాలాంటి మనిషి ఇంకెవరో వచ్చి ఉంటారు, జనంలో పొరపడ్డారు అనుకున్నాను. ఇప్పటికీ అదే అయి ఉండాలని కోరుకుంటాను. ఊళ్లోవాళ్లు తీసిన వీడియో అక్క పంపింది. ఒడిబియ్యం పోస్తున్న వదిన ముఖం అందులో స్పష్టంగా ఉంది, కళ్లలో నీళ్లున్నాయి. ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం కనిపించదు, వీపు, జడ కనిపిస్తాయి. ఆకుపచ్చ చీర. నేల మీద పరుచుకున్న అంచు తడిసి ఉంది. ఆ రోజు నీళ్లు పోసిన ఆడవాళ్లందరి చీరలూ తడిసే ఉంటాయి, నిజమే. ఆ చీరలు అంగడిలో ఎన్నో ఉంటాయి, అదీ నిజమే. కానీ వదిన నన్ను పెంచిన మనిషి. ముఖాముఖి కూర్చుని దోసిళ్లతో బియ్యం పోసింది.

ఇంకొక మాట అక్క చివర్లో చెప్పింది. మర్నాడు కంప తీసేదాకా దారి దగ్గర కాపలా ఉన్నవాళ్లను అన్నయ్య అడిగాడట. "రాంగ చూసినం. పోంగ చూడలే" అన్నారట.

ఇదంతా విని నేను భయపడి ఉండాలి. భయపడ్డాను కూడా, రెండు రోజులు. తర్వాత వేరే సంగతి గమనించాను. బెంగ లేదు. తగ్గడం కాదు, అసలు లేదు. వదిన పొగ వాసన రాలేదు. అన్నం దిగుతోంది, నిద్ర పడుతోంది. ఉండిపోదామని నేనే మా ఆయనతో అన్నాను. ఆయన కళ్లు తుడుచుకున్నాడు, నేను పాప కోసం మనసు రాయి చేసుకున్నాననుకున్నాడు. నేను ఏమీ చేసుకోలేదు.

కొన్నాళ్లకు పాప అడిగింది, "అమ్మా, నువ్వు పొద్దున పాడట్లేదేంటి?" అని. అప్పటిదాకా నాకు తెలియలేదు.

దసరా పోయాక ఊరికి వెళ్లాం. నాకు పోవాలని లేదు, అక్క పట్టుబట్టింది. ఆటో శివారు దాటుతుంటే పాప చేయి గట్టిగా పట్టుకున్నాను. ఏమీ జరగలేదు. వదిన ఎదురొచ్చి దిష్టి తీసి లోపలికి తీసుకుపోయింది. కంచు గ్లాసులో నీళ్లిచ్చింది, అతిథులకు ఇచ్చే గ్లాసు. ఆ ఇంట్లో నాకెన్నడూ అందులో ఇవ్వలేదు.

మధ్య గదిలో పత్తి పోసి ఉంది. మర్నాడు తెల్లవారేసరికి పాపకు పిల్లికూతలు మొదలయ్యాయి. లేచి, వెంట తెచ్చిన మిషన్ పెట్టి, ఒళ్లో పడుకోబెట్టుకున్నాను. బయట వాకిలి ఊడుస్తున్న చప్పుడు, సన్నగా కూనిరాగం. వదిన అనుకున్నాను.

పాప కళ్లు మూసుకునే, మందు మాస్కులోంచి, "అమ్మ మొదలుపెట్టింది" అంది.

దాని తల నా ఒళ్లోనే ఉంది. నేను నోరు విప్పలేదు.

చప్పుడు ఆగాక బయటికి వచ్చాను. వాకిలి ఊడ్చి, పేడనీళ్లు చల్లి ఉంది. ఇంకా ఆరలేదు. వదిన అప్పుడే బర్రెల కొట్టం నుంచి పాల చెంబుతో వస్తోంది. వాకిలి చూసింది, నన్ను చూసింది. ఊడ్చింది నువ్వేనా అని అడగలేదు. కొత్తగా చూస్తున్నదానిలా కూడా లేదు.

"నీకు తెల్సా వదినా?" అన్నాను.

"పొద్దుగాల్ల ఎప్పుడన్న ఊడ్చి ఉంటది" అంది మెల్లగా. "నేను అడగను. అడిగితె పోతదేమోనని."

అదే రోజు మధ్యాహ్నం బయలుదేరాం, పాప ఆయాసం కోసం. నేను ఊరు వదిలిన ప్రతిసారీ వదిన ఆటో పట్టుకుని ఏడ్చేది. ఈసారి పాప తల నిమిరి, నా చేయి పట్టుకుని కాసేపు నిలబడింది. "నువ్వు పోతున్నవ్ గని బిడ్డా, ఇల్లు ఎప్పటిలెక్క చిన్నబోతలేదు. నాకు ఏడుపు గూడ అస్తలేదు, ఏమనుకోకు" అంది. నాకూ రాలేదు.

మా ఆయన దీన్ని నమ్మడు. వదిన బెంగతో అలా అనుకుంటోందంటాడు. అక్క దీని గురించి మాట్లాడదు. పెరట్లో ఆ రాయి ఇప్పటికీ ఉంది. తీసి సముద్రంలో పారేయాలని చాలాసార్లు అనుకున్నాను, తీస్తే ఏమవుతుందో తెలియక ముట్టుకోలేదు. పాప ఊపిరి బాగుంది. నేను బాగా తింటున్నాను, బాగా నిద్రపోతున్నాను. ఏ లెక్క వేసినా ఇది నాకు తేలలేదు. మొన్న పాప ఆ పాట పాడమని అడిగింది. వాకిట్లో చీపురు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఒక్క ముక్క కూడా గుర్తు రాలేదు.