రెండు కళ్లూ ఒక్కతీరుగ

తొంభైల్లో, నేను ఫార్మసీ చదివే రోజుల్లో, కోఠిలో ఎక్కిన బస్సులో పక్కసీటావిడ ఒక మాత్ర మింగి నావైపు తిరిగింది. ఆమె ఎడమ కనురెప్ప సగానికి వాలి ఉంది.

"అరగంటయినంక జర చూసి చెప్పు చెల్లె, రెండు కండ్లు ఒక్కతీరుగ ఉన్నయా అని. చిక్కడపల్లిల ఫోటో దిగాలె. ఇంట్ల ఏ ఫోటోల చూసినా నాది ఒక కన్ను మూసుకునే ఉంటది."

ఏం జబ్బని అడిగాను.

"నరం చెప్పేది కండకు ఇనబడ్తలేదంట. ఈ గోలి ఏసుకుంటే జరసేపు ఇనబడ్తది."

నా ఒళ్లోని పుస్తకంలో అదే సంగతి నాలుగు పేజీలుంది. నరం వదిలే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని అందుకునే గ్రాహకాలు ఆమె కండరాల్లో తగ్గిపోయాయి. ఉన్న ఎసిటైల్‌కోలిన్ త్వరగా విరిగిపోకుండా మాత్ర కాసేపు ఆపుతుంది, అంతే.

నారాయణగూడలో ట్రాఫిక్ ఆగిపోయింది. "లేసినా, ఫోటో దిగేలోపు మళ్ల వాలిపోతదో ఏమో" అంటూ ఆమె గడియారం చూసుకుంది. నేను రెప్పనే చూస్తూ కూర్చున్నాను. అది మెల్లగా లేచింది.

చిక్కడపల్లిలో దిగాక కిటికీ కింద నిలబడి వేలితో కన్ను చూపించింది. తల ఊపాను. గబగబా వెళ్లిపోయింది.

ఇప్పుడు ఆ పాఠం నేనే చెబుతున్నాను. 'అరగంటలో పనిచేస్తుంది' అన్న వాక్యం పిల్లలు రాసుకోవడం అయిపోతుంది. నేను మాత్రం ఇంకా ఆ బస్సులోనే ఉంటాను.