అమ్మణ్ణి తోడుపెట్టిన పల్లీల పెరుగు

కాపురానికి వచ్చిన మొదటి రోజే రోహిణి విస్తట్లో పప్పన్నం మీద నెయ్యి పడబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది. కాగిన నెయ్యి వేళ్ల మీద పడి చురుక్కుమంది. అత్తగారు అమ్మణ్ణి "అయ్యయ్యో" అంటూ చన్నీళ్లు తెచ్చి పోసింది. కానీ కోడలి వేళ్ల కంటే ఎక్కువ ఆవిడ మనసే కాలింది. ఆ నెయ్యి ఆవిడ వెన్న తీసి, స్వయంగా కాచింది.

"ఏంటమ్మా, నెయ్యి ఒంటికి పడదా?"

"పడుతది అత్తమ్మా. నేనే మానేసిన. పాలు, పెరుగు గూడ తినను."

"ఎందుకు?"

కొత్తింట్లో, నలుగురి ముందు, అన్నం దగ్గర చెప్పే సంగతి కాదది. రోహిణి తల వంచుకుని "తర్వాత చెప్త అత్తమ్మా" అంది. ఆ తర్వాత అనేది చాలాకాలం రాలేదు. అమ్మణ్ణి మళ్లీ అడగలేదు.

అమ్మణ్ణి, భీమేశ్వరరావు దంపతులది రామచంద్రపురం వైపు. ఆయన నీటిపారుదల శాఖలో ఉద్యోగం మీద హైదరాబాదు వచ్చి, కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో స్థిరపడి, అక్కడే రిటైరయ్యాడు. ఏ కూర ఉన్నా లేకపోయినా చివర్లో గడ్డపెరుగు లేకపోతే ఆయనకు భోంచేసినట్టుండదు. వాళ్లబ్బాయి జశ్వంత్, నార్సింగి అమ్మాయి రోహిణి హైటెక్ సిటీలో ఒకే కంపెనీలో పనిచేస్తూ ఒకరినొకరు ఇష్టపడ్డారు. పెళ్లికి ముందే జశ్వంత్ ఇంట్లో చెప్పాడు, రోహిణి పాలపదార్థాలు ముట్టదని. ఒళ్లు తగ్గడానికేమో, పెళ్లయితే అదే మానుతుందిలే అనుకుంది అమ్మణ్ణి.

అలాంటి తిండికి వీగన్ అనే పేరుందని రోహిణికి ఆఫీసులో చేరాకే తెలిసింది. నార్సింగిలో దానికి పేరు లేదు. కూతురు పాలు మానేసినప్పుడు తల్లి సత్తెమ్మ పెద్దగా కంగారుపడలేదు. "మన తిండిల పాలెక్కడున్నయి బిడ్డా?" అంది. నిజమే. జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం, పచ్చిపులుసు, నువ్వుల పొడి. సాయంత్రం సర్వపిండి. సత్తెమ్మ బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కరివేపాకు కలిపి గిన్నె అడుగున ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో నూనె చుక్క వేసి కాల్చేది. ఆఫీసులో ఎంత చిరాకుపడి వచ్చినా, గిన్నె అంచున కరకరలాడే ఆ ముక్క నోట్లో పడితే రోహిణికి ప్రాణం లేచొచ్చేది.

బయట తినడమే కష్టంగా ఉండేది. టీమంతా కలిసి మాదాపూర్‌లో ఏ రెస్టారెంటుకు వెళ్లినా అదే వరస. "నెయ్యి వద్దు అన్నా" అంటే సర్వర్ నవ్వుతూ "నెయ్యి లేదు మేడం, వెన్నే వేసినం" అనేవాడు. అందరూ మొహాలు చూసేవారు. దాంతో అడగడం మానేసి, తెల్లన్నంలో ఆవకాయ కలుపుకుని కడుపు నిండిందని చెప్పడం నేర్చుకుంది.

అత్తింట్లో ఎవరూ ఏమీ అనలేదు. అదే ఇబ్బంది. అమ్మణ్ణి తన వంట తను చేసేది, రోహిణి తన కూర తను చేసుకునేది. ఒకే పొయ్యి మీద రెండిళ్ల వంట. "నా చేతి ముద్ద నా కోడలికి పనికిరాదు" అని అమ్మణ్ణి కింది ఫ్లాట్ పుణ్యవతితో అన్నదని జశ్వంత్ ద్వారా రోహిణికి తెలిసింది. తెలిసినా ఏం చెయ్యాలో తోచలేదు.

అంతలో నెల తప్పింది. ఇంటిల్లిపాదీ సంబరపడుతుండగానే వేవిళ్లు మొదలయ్యాయి. రోహిణికి ఏదీ ఇమడలేదు. తిరగమోత చప్పుడు వింటేనే కడుపులో తిప్పేది. పచ్చిపులుసైనా నిలుస్తుందనుకుంటే అదీ నిలవలేదు. లాప్‌టాప్ ముందు కూర్చుని మీటింగులో ఉండగానే లేచి పరుగెత్తేది. మనిషి పీక్కుపోయింది.

ఒకనాడు మధ్యాహ్నం భీమేశ్వరరావు భోంచేస్తున్నాడు. పెరుగన్నం కలిపి, మాగాయ ముక్క పక్కన పెట్టుకున్నాడు. గదిలో పడుకున్న రోహిణికి ఆ పులుపు వాసన సోకింది. ఎన్నాళ్లకో మొదటిసారి నోట్లో నీళ్లూరాయి. తినాలనిపించింది, ఊరికే కాదు, లాక్కుని తినాలన్నంతగా. ఆ కోరికకు తనకే భయమేసి దిండులో మొహం పెట్టుకుని ఏడ్చింది.

అమ్మణ్ణి వచ్చి పక్కన కూర్చుంది. "పెరుగన్నం తినాలనుందా?"

రోహిణి తలూపింది. ఆవిడ వెంటనే వెళ్లి, మెత్తగా కలిపి, గిన్నెలో తెచ్చింది. రోహిణి గిన్నె అందుకుంది. ముద్ద తీసింది. నోటి దాకా వచ్చిన చెయ్యి ఆగిపోయింది.

"తప్పేం లేదమ్మా. వట్టి మనిషివి కాదు" అంది అమ్మణ్ణి.

"నా వల్ల కాదత్తమ్మా" అని అప్పుడు చెప్పింది రోహిణి, ఇన్నాళ్లూ చెప్పనిది. "మా నాయినకు బర్రెలుండె, పాలు అమ్మెటోడు. నేను ఇంటర్ల ఉన్నప్పుడు ఒకటి ఈనింది. మగదూడ. దానికి పాలు సరిగ్గ ఇడువలే. చచ్చిపోయింది. తల్లి పాలియ్యకపోతే, ఆ దూడ తోలుల గడ్డి కుక్కి, కుట్టి, దాని ముందట నిలబెట్టిన్రు. అది తన బిడ్డే అనుకుని నాకుకుంట నాకుకుంట పాలిచ్చింది. నేను పక్కనే నిలబడి చూసిన. అప్పటి సంది గొంతు దిగుతలేదు. మా నాయిన చెడ్డోడు గాదత్తమ్మా. అందరూ అట్లనే చేస్తుండె."

అమ్మణ్ణి కోడలి చేతిలోంచి గిన్నె తీసుకుంది. "మా ఊళ్లోనూ పెట్టేవారే, గడ్డి దూడని" అంది మెల్లగా. "చిన్నప్పుడు నేనూ చూశాను. రెండు రోజులు అన్నం తినలేదు. తర్వాత అలవాటైపోయింది." కొంగుతో కోడలి కళ్లు తుడిచింది. "నాతో ముందే ఎందుకు చెప్పలేదే పిచ్చిమొహమా? నా నెయ్యి నీకు నచ్చలేదనుకున్నాను."

మర్నాడు తెల్లవారుతూనే వంటింట్లో మిక్సీ మోగింది. కింది ఫ్లాట్ పుణ్యవతి మనవడికి పాలు పడవు. ఆవిడ వాడి కోసం పల్లీల పాలు తోడుపెడుతుందని అమ్మణ్ణికి తెలుసు. ముందురోజు సాయంత్రమే వెళ్లి కనుక్కొని వచ్చి, పల్లీలు నానేసింది. పొట్టు తీసి, రుబ్బి, గుడ్డలో పిండి, ఆ పాలు కాచింది. గోరువెచ్చగా అయ్యాక పచ్చిమిరపకాయల తొడిమలు వేసి మూత పెట్టింది. పాల పెరుగు తోడు పెట్టకూడదు కదా, ఆ తొడిమలే తోడు.

మొదటిసారి నీళ్లలాగే ఉండిపోయింది. రెండోసారి తోడుకుంది గానీ మూత తీస్తే ఇల్లంతా వాసన. రుచి చూసే పని భీమేశ్వరరావుది. పెరుగు సంగతి తనకన్నా తెలిసినవాళ్లు లేరని ఆయన నమ్మకం. చెంచాడు నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నాడు. "ఇది పెరుగా, నా మీద పగా?"

గదిలోంచి రోహిణి నవ్వింది. ఆ నవ్వు విని అమ్మణ్ణికి హుషారొచ్చింది.

తర్వాతిసారి పాలు చిక్కగా తీసి, చారెడు గంజి కలిపి, మట్టి పిడతలో తోడుపెట్టింది. పొద్దున్నే చూస్తే గరిట నిలబడేలా ఉంది. భీమేశ్వరరావు నాకి చూసి, మళ్లీ వేలు పెట్టబోతే చేతి మీద ఒక్కటి వేసింది. మెత్తటి అన్నంలో కలిపి, అల్లం ముక్కలు వేసి, నూనెలో ఆవాలు, ఇంగువ, కరివేపాకు పోపు పెట్టింది. పోపు వాసన తగలకుండా వంటింటి తలుపు మూసుకుని మరీ.

రోహిణి మొదటి ముద్ద భయంభయంగా మింగింది. నిలిచింది. రెండోది తిన్నది. పల్లీల కమ్మదనం వెనకాల సన్నటి పులుపు, చల్లగా, గొంతులోంచి జారి కడుపులో కుదురుగా కూర్చుంది. గిన్నె ఖాళీ అయింది. తిన్నాక ఆమె అక్కడే కూర్చుని నిద్రపోయింది, ఎంగిలి చెయ్యి ఒళ్లో పెట్టుకుని. అమ్మణ్ణి తడిగుడ్డతో ఆ చెయ్యి తుడుస్తుంటే మెలకువ వచ్చింది కానీ కళ్లు తెరవలేదు. తెరిస్తే ఏడుపొస్తుందని తెలుసు.

ఆ రోజు నుంచి పొయ్యి ఒకటే, వంటా దాదాపు ఒకటే అయింది. సత్తెమ్మ నార్సింగి నుంచి వచ్చి పది రోజులుండి సర్వపిండి చేస్తే, అమ్మణ్ణి పక్కన నిలబడి నేర్చుకుంది. ఆవిడ పెట్టే చిల్లులు మరీ దగ్గరగా ఉన్నాయని సత్తెమ్మ, సత్తెమ్మ వేసే కారం మరీ ఎక్కువని అమ్మణ్ణి, రోజూ పోట్లాడుకుంటూనే కలిసి తినేవారు. కొండాపూర్‌లో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లినప్పుడు అమ్మణ్ణే ముందు నోరు విప్పింది. "మా కోడలు పాలు తాగదండీ. తాగమని మీరు చెప్పొద్దు. బదులు ఏం పెట్టాలో చెప్పండి, నేను పెడతాను." డాక్టరమ్మ నవ్వి, పప్పులు, నువ్వులు, ఆకుకూరలు చెప్పి, బీ ట్వెల్వ్ మాత్రలు రాసింది.

ఆరో నెలలో అలా చూపించుకుని వస్తుంటే "ఇవాళ బయట తిందాం" అంది అమ్మణ్ణి. దారిలో ఉన్న టిఫిన్ హోటల్లో మామగారు, జశ్వంత్‌తో సహా నలుగురూ కూర్చున్నారు. రోహిణి అలవాటు ప్రకారం "నాకు వట్టి ఇడ్లీ చాలు" అంది.

"వట్టి ఇడ్లీ ఏంటి? నీకు దోసె ఇష్టం కదా" అని అమ్మణ్ణి సర్వర్‌ను పిలిచింది. "బాబూ, దోసె మీద నెయ్యి వద్దు, వెన్న వద్దు. ఉత్త నూనె. చట్నీలో పెరుగు కలుపుతారా?"

"కలుపరమ్మా. పల్లీలు, కొబ్బరి, అంతే."

"సాంబారు?"

"తాలింపు నెయ్యితోని పెడతరు."

"అయితే సాంబారు వద్దు. పెనం మీద ముందటి దోసె నెయ్యి ఉంటుంది, తుడిచి వెయ్యమను. మా అమ్మాయి తినదు."

జశ్వంత్ ఇబ్బందిగా "చాల్లే అమ్మా" అన్నాడు. సర్వర్ మాత్రం విసుక్కోలేదు. "ఫికర్ చెయ్యకున్రమ్మా, నేనే దగ్గరుండి ఏయిస్త" అని లోపలికి వెళ్లాడు.

దోసె ఎర్రగా, అంచులు పైకి లేచి, నూనెతో నిగనిగలాడుతూ వచ్చింది. రోహిణి తుంచి చట్నీలో అద్దింది. ఎన్నేళ్లుగా హోటల్లో సంజాయిషీ చెప్పుకోకుండా, ఎవరి మొహమూ చూడకుండా తినలేదో గుర్తొచ్చింది. ఎదురుగా అత్తగారు తన ప్లేటు ముట్టకుండా, కోడలు తింటుంటే చూస్తోంది. ఆఫీసులో రోజంతా, మెయిలు పంపిన ప్రతివాళ్లకీ రోహిణి థాంక్యూ చెబుతూనే ఉంటుంది. ఇక్కడ ఆ మాట నోటికి రాలేదు. చెబితే "ఏంటే, నేనేమన్నా పరాయిదాన్నా?" అంటుందావిడ.

"అత్తమ్మా, ఇంకొకటి తినాలనుంది" అంది. "జర ఉల్లిగడ్డలు ఏస్తే మంచిగుంటది."

అమ్మణ్ణి మొహం విప్పారింది. దూరంగా వెళ్తున్న సర్వర్‌ను చప్పట్లు కొట్టి పిలిచింది.

"బాబూ, ఇంకో నూనె దోసె. ఉల్లిగడ్డలు దండిగా ఏయమను!"