చూడకుండా పెట్టిన సంతకాలు

పిల్లల వైద్య విభాగం ముందు గదిలో, తలుపుకి ఎదురుగా వేసిన బల్ల వెనక కూర్చుంటుంది ముద్రమ్మ. కన్నవాళ్లు పెట్టిన పేరు వేరే ఉంది. కాని విభాగం ముద్ర ఆవిడ సొరుగులో ఉంటుంది కాబట్టి ఎప్పుడో ఒక కొంటె విద్యార్థి ముద్రమ్మ అన్నాడు, అదే నిలిచిపోయింది. టైపు కొట్టడం, హాజరు వేయడం, వార్డు డైరీలు భద్రం చేయడం, పెద్ద డాక్టరుగారి చేత సంతకాలు పెట్టించడం ఆవిడ పనులు. ఎవరూ అప్పజెప్పని పని ఇంకొకటి ఉంది. బయట బెంచీ మీద జబ్బు బిడ్డతో కూర్చున్న తల్లి ఎవరైనా మంచినీళ్లకని లేస్తే, ఆ బిడ్డని తన ఒళ్లోకి తీసుకుని ఒంటి చేత్తో టైపు కొడుతుంది. ఇరవై ఆరేళ్లలో ఆవిడ ఒళ్లో నిద్రపోయిన పిల్లలు ఎంతమందో ఆ భగవంతుడికే ఎరుక.

ఆఖరి సంవత్సరం మొదలయ్యిందంటే ముద్రమ్మకి ఒళ్లు మండే కాలం వచ్చిందన్నమాట. చదువు ముగిశాక విద్యార్థులు ఏదో ఒక పెద్ద ఆస్పత్రిలో రెసిడెంటుగా చేరి, ఒక్క విభాగంలో ఆరితేరాలి. ఆ చోటు కోసం దరఖాస్తులు, దరఖాస్తుల వెంట సిఫార్సు ఉత్తరాలు. అందుకని ఒక్కొక్కరు ఏడాదంతటినీ ఒక కాగితం మీద గళ్లుగీసి, రంగులు పూసి తెచ్చుకుంటారు. ఏ నెల ఏ వార్డు, ఎవరి కింద పనిచేస్తే ఎవరి సంతకం దొరుకుతుంది, ఏ నెల ఖాళీగా ఉంచుకుంటే ఇంటర్వ్యూలకి తిరగొచ్చు, అన్నీ ఉంటాయి అందులో. రోగి అన్న మాట ఒక్క గడిలోనూ కనపడదు. పిల్లల వార్డుకి వచ్చేది పిల్లల కోసం కాదు, ఉత్తరం కోసం.

ఆ ఉత్తరాల తీరు ఇంకా చోద్యం. పెద్ద డాక్టరుగారు రాయరు. ఎవరి పొగడ్త వాళ్లే రాసుకొస్తారు. ముద్రమ్మ టైపు చేస్తుంది. కింద సంతకం చోటు మాత్రం కనపడేలా కాగితాలని ఒకదాని మీద ఒకటి మెట్లలా పేర్చి ఆయన ముందు పెడుతుంది. ఆయన ఫోనులో మాట్లాడుతూనే పై మెట్టు నుంచి కింది మెట్టు దాకా గీసుకుంటూ పోతారు. పైన ఎవరి పేరుందో, ఏం రాసుందో ఆ కళ్లకి అక్కర్లేదు.

ఆ ఏడాది వచ్చినవాళ్లలో ఒకడు కాలరు. గంజి పెట్టిన కాలరు నలగకుండా ఆరు వారాలు వార్డులో తిరిగిన ఘనుడు. పసిపిల్లని ఎత్తుకుంటే చొక్కా పాడవుతుందని చేతులు వెనక్కి కట్టుకుని నడిచేవాడు. పెద్ద డాక్టరుగారి సంచీ మోయడానికి మాత్రం ఆ చేతులు చటుక్కున ముందుకొచ్చేవి. మూడు పేజీలు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

ముద్రమ్మ కళ్లజోడు సర్దుకుని చదివింది. "‘నా ముప్పై ఏళ్ల సర్వీసులో ఇటువంటి విద్యార్థిని చూడలేదు.’ ఇదేంటి బాబూ, ఈ ముక్క పొద్దున్నుంచి నాలుగోసారి కొడుతున్నాను."

"అది ఉండాలమ్మా. సీనియర్లు ఇచ్చిన నమూనాలో ఉంది."

"‘పసిపిల్లలంటే ప్రాణం’ అని కూడా ఉంది. పసిపిల్లలకి ఆ సంగతి తెలుసా?"

"మీరు టైపు చేయండమ్మా, చాలు," అన్నాడు కాలరు, నవ్వో విసుగో తెలియకుండా.

చిట్టచివర వచ్చింది చిన్నగొంతు. ఆ పిల్ల మాట్లాడితే ఎదుటివాళ్లు ముందుకి వంగాల్సిందే. ఆమె కాగితంలో మూడే వాక్యాలు. ఆరు వారాలు పనిచేసింది. వేళకి వచ్చేది. చెప్పిన పని చేసేది.

"ఇది సిఫార్సా తల్లీ, సెలవు చీటీయా?"

"నా గురించి నేను రాసుకోడానికి చెయ్యి రాలేదమ్మా."

"గడువు ఎప్పటిదాకా?"

"శుక్రవారం. నేను దరఖాస్తు పెట్టింది ఒక్క పిల్లల ఆస్పత్రికేనమ్మా. అక్కడ నాలుగే చోట్లు. అది రాకపోతే చివర్లో ఏ విభాగంలో ఖాళీ మిగిలితే అందులో చేరిపోవాలి."

"ఇంకేదైనా చేరొచ్చుగా మరి, డాక్టరు డాక్టరే కదా?"

చిన్నగొంతు తల అడ్డంగా ఊపింది. "నాకు వీళ్లే కావాలి," అంది. ఆ మాట వినడానికి ముద్రమ్మ వంగాల్సిన అవసరం రాలేదు.

ముద్రమ్మ ఆ వారాల వార్డు డైరీ తీసింది. ఏ విద్యార్థి ఏ బిడ్డని చూశాడో, ఏం గమనించాడో అందులో రాస్తారు. చాలామంది ‘జ్వరం, ఏడుపు’ అని రాసి సంతకం చేసి పోయారు. కాలరు తన గడిలో ‘పైదే’ అని రాశాడు. చిన్నగొంతు రాతలు వేరు. ఒక పన్నెండో తారీకున రెండేళ్ల బాబు సంగతి ఉంది. మూడు రోజులుగా అందరూ జ్వరమనే రాశారు. ఆ పిల్ల మాత్రం వాడి బట్టలు మార్చే తల్లి పక్కన నిలబడి చూసి, కాలు కదిపినప్పుడే వాడు ఏడుస్తున్నాడనీ, ఎడమ కాలు అసలు ఆడించడం లేదనీ రాసింది. తుంటి కీలులో చీము పట్టింది. ఆ రోజే తీసేశారు. కాలు దక్కింది.

"అబద్ధం ఒక్కటీ చేర్చను. జరిగింది రాస్తాను, చదువుకో," అని ముద్రమ్మ అరపేజీ టైపు చేసింది. చిన్నగొంతు చదివి, "బాబు ఆ కాలు కదపట్లేదని వార్డు నర్సక్క కూడా అందమ్మా, ఆవిడ మాట కూడా రాయండి," అంది. రాసింది.

శుక్రవారం పొద్దున పదకొండు ఉత్తరాలూ పెద్ద డాక్టరుగారి ముందు మెట్లెక్కాయి. ఆయన ఏదో సభలో తన కుర్చీ వేదిక మీదో కిందో ఫోనులో తేల్చుకుంటున్నారు.

"సార్, ఆ చివరిది ఒకసారి చదవండి."

"నువ్వు టైపు చేశాక మళ్లీ నేనెందుకమ్మా చదవడం?" అని గీసేశారు.

నెలన్నర గడిచింది. ఇంటర్వ్యూలు అయిపోయాయి. ఒక మధ్యాహ్నం పెద్ద డాక్టరుగారి ఫోను మోగింది. తనకి ఎంతటివాళ్లు ఫోను చేస్తారో ముందు గదికి కూడా తెలియాలని ఆయన ఎప్పుడూ బయటికి వినపడేలా పెట్టుకుంటారు. మాట్లాడుతున్నది పిల్లల ఆస్పత్రి పెద్దావిడ. గొంతు గరుకు.

"మీ సంతకంతో మాకు ఆరు ఉత్తరాలు వచ్చాయండీ. ఐదింటిలో మీ ముప్పై ఏళ్ల సర్వీసులో ఇటువంటి విద్యార్థిని చూడలేదని ఉంది. ఐదుగురినీ చూడలేదా?"

పెద్ద డాక్టరుగారు పొడిగా నవ్వారు. "మాట వరసకి అలా..."

"ఆ ఐదూ పక్కన పెట్టాను. ఆరోదాని గురించి అడుగుదామని చేశాను. ఇంటర్వ్యూలో ఆ అమ్మాయి గొంతే పెగల్లేదు. మావాళ్లు వద్దంటున్నారు. ఉత్తరం చూస్తే ఇవ్వాలనిపిస్తోంది. తుంటి నొప్పి కనిపెట్టింది నిజంగా ఆ అమ్మాయేనా?"

"తుంటా?" అన్నారు ఆయన. "ఆ పేరు... నాకు గుర్తు రావట్లేదండీ. టైపులో ఏదో పొరపాటు జరిగినట్టుంది. మా ముద్రమ్మకి వయసైపోతోంది."

"అయితే ఇది కూడా పక్కన పెట్టేయమంటారా?"

ముద్రమ్మ సొరుగు లాగి ఆ వార్డు డైరీ తీసింది. ఒళ్లో ఎవరిదో బిడ్డ. ఆ బిడ్డని భుజాన వేసుకుని, రెండో చేత్తో డైరీ పట్టుకుని లోపలికి నడిచింది. తలుపు తట్టలేదు. పన్నెండో తారీకు పేజీ తెరిచి ఆయన ముందు పెట్టి వేలు ఆనించింది. చిన్నగొంతు రాతకి దిగువన ఎర్ర సిరాతో ఆయన చేతిరాతే ఉంది. ‘మంచి పరిశీలన. వెంటనే తుంటి స్కాన్ తీయండి.’ దాని కింద సంతకం.

తన రాతని తను కాదనడం ఎంత పెద్దవాడికైనా కష్టం.

"ఆఁ, ఉండండి," అన్నారు పెద్ద డాక్టరుగారు. "గుర్తొచ్చింది. నిజమే. ఆ అమ్మాయే." అక్కడితో ఆగితే గౌరవంగా ఉండేది. "మొదటి రోజే పసిగట్టానండీ నేను, ఈ పిల్లలో ఏదో ఉందని."

"మీరు పసిగట్టినా లేకపోయినా, ఆ అమ్మాయి జబ్బు పసిగట్టింది కదా," అంది అవతలి గొంతు. "నాలుగో చోటు ఆ అమ్మాయికే. మాట్లాడడం మేం నేర్పుకుంటాం. చెప్పేయండి." ఫోను పెట్టేసింది.

భుజం మీది బిడ్డ ఆవలించింది. పెద్ద డాక్టరుగారు తన చొక్కా కాలరు సర్దుకున్నారు, గంజి లేకపోయినా.

"ఎవరమ్మా ఆ పిల్ల?"

"పొద్దున లిఫ్టులో మీకు ఇరుకుగా ఉందని దిగిపోయి మెట్లెక్కి వచ్చిందే, ఆ పిల్ల సార్."

"ఓహో. సరే, పిలుచుకురా. నా నోటితో నేనే చెబుతాను." అప్పుడే ఆయన మొహం శుభవార్త చెప్పే మొహంలా తయారవుతోంది. ఆ శుభవార్తని రెండు నిమిషాల క్రితం చెత్తబుట్టలో వేయబోయిన మొహమే అది.

ముద్రమ్మ బిడ్డని తల్లికి అప్పగించి వార్డుకి వెళ్లింది. నోరు ఊరుకోలేదు, అక్కడే చెవిలో చెప్పేసింది. చిన్నగొంతు కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి, తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేదు. ఎనిమిది నెలల పాప చేతికి అప్పుడే సూది పెట్టారు. లాగేసుకోకుండా ఆ చేతిని తన రెండు చేతుల్లో పట్టుకుని కూర్చుంది. పాప తల్లి తన కొంగుతో ఈ పిల్ల కళ్లు ఒత్తింది, ఎందుకని అడగకుండానే.

"ఇప్పుడు లేవలేనమ్మా. పాప నిద్రపోయాక వస్తానని చెప్పండి."

ముద్రమ్మ వచ్చి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పింది.

"నిద్రపోయాకా?" అన్నారు పెద్ద డాక్టరుగారు.

"అవును సార్."

ఆయన గడియారం చూశారు, తలుపు వైపు చూశారు, కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. ముద్రమ్మ తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. ఆ పాపని పొద్దున గంటసేపు తనే ఎత్తుకుంది. అంత తొందరగా నిద్రపోయే రకం కాదు.