ఎదుటివారి భాష

ఈ ఫిబ్రవరి పదో తేదీ, మంగళవారం, ఉదయం పదకొండు గంటలకు జగదల్‌పూర్ సభాభవనంలో టెక్నాలజీ సదస్సు ముఖ్యోపన్యాసం మొదలైంది. ముందురోజే కోంట దాకా వెళ్లి, ఆ పక్క పల్లెలో ఉండే మా అక్కను బస్సులో వెంటబెట్టుకొని తీసుకువచ్చాను. ఆమెకు మా ఇంటి గిరిజన భాష దోర్లీ తప్ప మరే భాషా నిండుగా రాదు. ఏడాదిగా రొమ్ములో ఏదో బాధ. ఆసుపత్రిలో డాక్టరు అడిగేది హిందీలో. బచేలిలో ఉండే నేను, అరవై దాటిన ఈ మోకాళ్లతో ప్రతిసారీ ఆమె వెంట వెళ్లలేను. దోర్లీలో చెప్పిన బాధను అక్కడికక్కడే హిందీలో వినిపించే ఫోన్‌ను ఆ రోజు అందరి ముందూ చూపిస్తారని ప్రకటించారు గనుక, నా తరువాత అక్కకు ఒక నోరు దొరుకుతుందని ఎంతో ఆశపడ్డాను.

వేదికమీద పెద్ద తెర వెలుగుతుంటే నాకు మా అమ్మ గుర్తుకు వచ్చింది. మావాళ్లలో ఒక మర్యాద ఉండేది, ఇప్పటికీ ఉంది. ఎవరితో మాట్లాడితే వారి భాషలోనే మాట్లాడాలి. తెలుగు షావుకారు వస్తే తెలుగు, అంగడిలో హల్బీ, ఫారెస్టు గార్డు కనిపిస్తే హిందీ, వచ్చినవి నాలుగు ముక్కలే అయినా సరే. పరాయివారి ముందు సొంత మాట తీయడం అతిథికి ఎంగిలి ఆకులో వడ్డించడం లాంటిదని అమ్మ అనేది. నేను ఆశ్రమశాలలో చదువుకుంటున్న రోజుల్లో ఒకసారి అమ్మ కడుపు పట్టుకొని ఆసుపత్రికి వెళ్తే, హిందీ వచ్చిన పిల్లనని నన్ను తోడు తీసుకుపోయింది. డాక్టరు ఎక్కడ నొప్పి అని అడగగానే నేను నోరు తెరిచాను. పెద్దాయన అడిగింది తననే కదా అన్నట్టు అమ్మ నా చెయ్యి నొక్కి, నిటారుగా కూర్చొని, తనకు వచ్చిన హిందీలో మర్యాదగా "ఠీక్ హై, సాబ్" అంది. ఏమడిగినా అదే జవాబు, బాగానే ఉందని. తిరుగుదారి పొడవునా వంగి నడిచింది. ఆ వానాకాలం దాటలేదు.

ఆ తరువాత మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటి మనిషిని నేనే అయ్యాను. బచేలి బడిలో ఉద్యోగం చేశాను. ఇనుప గనుల కంపెనీ క్వార్టర్లలో పక్కింటి అత్తయ్యగారి దగ్గర ఈ తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. చదువు అనేది ఏదో ఒకనాటికి అమ్మలాంటివారి బాధకు మాట ఇస్తుందని మనలో చాలామందిమి నమ్మిన కాలం అది. అందుకే రెండేళ్ల క్రితం పట్నం యువకులు కొందరు ఇలాంటి ఫోన్ కోసమని దోర్లీ గొంతులు రికార్డు చేయడానికి వస్తే, సంతోషంగా వారి వెంట పల్లెలు తిరిగాను. చాపమీద కూర్చున్న అవ్వలు ఆ పిల్లల ముఖాలు చూసి, అతిథులు గదా అని, తమకు వచ్చిన హిందీలోనే జవాబులు చెప్పారు. ఇది దోర్లీ కాదని ఆ సాయంత్రమే వారికి చెప్పాను. ఏం ఫరవాలేదు మేడమ్, యంత్రమే సర్దుకుంటుందన్నారు. నాకన్నా పెద్ద చదువులవారి మాట అది.

ఉపన్యాసకుడు గంటసేపు భవిష్యత్తు గురించి చెప్పాడు. తెరమీద మా నృత్యాలు, మా తలపాగాలు. చివరకు, దోర్లీ మాట్లాడేవారు ఎవరని అడిగి, నేను చూపించిన అక్కను వేదికమీదికి పిలిచి ఫోన్ ఆమె ముందు పెట్టాడు. అక్క కొంగు సవరించుకొని, ఆ ఫోన్‌కు దండం పెట్టి, "ఠీక్ హై, సాబ్" అంది. ఫోన్ తీయని గొంతుతో, కుశలమేనని హిందీలోనే తిరిగి పలికింది. ఆయన చప్పట్ల కోసం చేతులు చాపాడు. వెనుక వరుసల్లో కోంట వైపు నుంచి వచ్చిన మితానిన్లు, అంటే పల్లెల్లో రోగులను చూసుకునే ఆడవాళ్లు, కూర్చున్నారు. వారిలో ఒకామె లేచింది.

"ఏంది సారూ, గీ హిందీ వినేటందుకేనా మేం గింత దూరమొచ్చింది? మా కోంట బజార్ల దొరకదా హిందీ?"

పక్కామె అందుకుంది. "పెద్దమ్మా, నీ ఇంటి మాట చెప్పు దానికి!"

అక్క నా వైపు చూసింది. నేను తల ఊపాను. అప్పుడు ఆమె దోర్లీలో, నెమ్మదిగా చెప్పింది: పడుకుంటే రొమ్ముమీద ఎవరో తిరగలిరాయి పెట్టి కూర్చున్నట్టుంటుందని, తెల్లవార్లూ గోడకు ఆనుకొని కూర్చుంటున్నానని. ఆ సంగతి నాకు కూడా అంతకుముందు ఎన్నడూ చెప్పలేదు. ఫోన్ హిందీలో, క్షమించండి, అర్థం కాలేదు, మరొకసారి చెప్పండి అంది. అక్క మళ్లీ చెప్పింది. మళ్లీ అదే. మూడోసారి అక్క గొంతు సన్నబడింది.

"చెవుడే దానికి, మీ అత్త లెక్క," అని ఎవరో అంటే నవ్వులు రేగాయి. అవి సంతోషపు నవ్వులు కావు. నెట్‌వర్క్ బాగాలేదని ఉపన్యాసకుడు చెబుతూనే ఉన్నాడు. కుర్చీలు వెనక్కి జరుగుతున్నాయి. దోర్లీ తెలిసినవారందరూ ఆమె బాధ విన్నారు. విని ఏం చేయాలో తెలియక తలలు వంచుకొని బయటికి నడిచారు.

బస్సులో అక్క అడవివైపు తిరిగి, "గంతమంది ముందట నా మాట తీసిన్నే చెల్లె. మూడుసార్లు వద్దన్నది గదనే," అంది. మర్నాడు, నేనే వెంట వస్తాను, డాక్టరుకు ప్రతి మాటా నేనే చెబుతాను పద అని బతిమాలాను. ఆమె కదలలేదు.

అమ్మ కాలంలో కనీసం ఇంట్లోనైనా బాధకు మాట ఉండేదని ఇప్పుడు అనిపిస్తుంది. పరాయివారి ముందు దాచినదాన్ని పొయ్యి దగ్గర చెప్పుకొనేది. ఆ మాటకోసమే కదా మేము ఇంత చదివాము, ఇన్ని ఊళ్లు తిరిగాము.

ఆ సదస్సు తరువాత మారినది ఇది: అక్క ఆసుపత్రికి వెళ్లడం మానేసింది. ఎలా ఉన్నావని నేను ఫోన్ చేసి దోర్లీలో అడిగితే, నాకు కూడా, "ఠీక్ హై" అనే జవాబు చెబుతోంది.